బురద సంగమం దగ్గర ఒక ఆదివారం

మొన్న సెలవులకి హైదరాబాదు నుండి మా మామయ్యగారు వచ్చారు. జంట టవర్లు, బాతు గుహలు చూడడం అయ్యాక, "ఏ ఊరికి వెళ్ళినా ముందు అక్కడి ఏరు చూడాలమ్మా" అన్నారు. ఆదివారం పొద్దున్నే పిల్లలతో రైలెక్కి మస్జిద్ జామెక్ స్టేషనులో దిగాం.

పిల్లలూ, మలయ్ భాషలో 'కౌలా' అంటే నదులు కలిసే చోటు, 'లంపూర్' అంటే బురద అని మీకు తెలుసా? గొంబాక్, క్లాంగ్ నదులు కలిసే ఆ చోటే మన కౌలాలంపూర్‌కు పుట్టిల్లు. 1909లో కట్టిన అందమైన మసీదు సరిగ్గా ఆ సంగమం మీదే ఉంది. రెండు వైపులా కాంక్రీటు గట్లు, మధ్యలో సన్నటి నీటి పాయ చూసి, "ఇది నదా, కాలువా?" అన్నాడు మా అబ్బాయి.

1926లో పెద్ద వరద వచ్చి నగరం మునిగింది. ఆ తరువాతే ఇక్కడ నదిని తిన్నగా చేశారు. వంపులు లేని కాలువలో నీరు త్వరగా పోతుంది కదా! అయినా 1971 జనవరిలో మళ్ళీ నగరం నడిబొడ్డు మునిగింది. ఊరు పెరిగేకొద్దీ వాన నేలలో ఇంకకుండా రోడ్ల మీద నుండి ఒక్కసారిగా నదిలోకి చేరుతుంది. కాలువను వెడల్పు చేద్దామంటే రెండు గట్ల మీదా భవనాలే.

అందుకని నీటికి భూమి కింద దారి చేశారు. అదే 2007లో ప్రారంభమైన స్మార్ట్ సొరంగం. పొడవు 9.7 కిలోమీటర్లు. నగరానికి పైనే వరద నీటిని చెరువులోకి మళ్ళించి, సొరంగం గుండా దిగువన తామన్ దేశా చెరువుకు పంపుతారు. చెరువులతో కలిపి సుమారు 30 లక్షల ఘనపు మీటర్ల నీరు పడుతుంది. మధ్యలో కొంత దూరం రెండంతస్తుల కారు దారి కూడా ఉంది. ఓ మోస్తరు వరదైతే నీరు అడుగున, కార్లు పైన. పెద్ద వరదైతే కార్లన్నిటినీ బయటికి పంపి, సొరంగమంతా నీటికే వదిలేస్తారు.

ఆ సాయంత్రం కారులో ఆ దారిన వెళ్తుంటే పిల్లలు ఊపిరి బిగపట్టి కూర్చున్నారు. మామయ్యగారు మూసీ కథ చెప్పారు. 1908 సెప్టెంబరు 28న వరద హైదరాబాదును ముంచెత్తితే, అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారట. ఆ తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు.

"అయితే ఇక వరద రాదా తాతయ్యా?" అంది మా అమ్మాయి.

"సొరంగం నగరం నడిబొడ్డుని కాస్తుంది గానీ అన్ని ఊళ్ళనీ కాయలేదు తల్లీ" అన్నారాయన. నిజమే. 2021 డిసెంబరులో షా ఆలంలోని తామన్ శ్రీ ముడాలో ఇళ్ళు నీట మునిగాయి. "ఏటి చోటు మనం తీసుకుంటే, ఏదో ఒక రోజు అది అడుగుతుంది. అడగకముందే కాస్త ఇచ్చేస్తే మంచిది."

ఈసారి ఆ సొరంగంలో వెళ్ళేటప్పుడు పిల్లలకి చెప్పండి, మనం వెళ్తున్నది ఒక నది అరువిచ్చిన దారిలో అని.