బొమ్మరైలు నేర్పిన హక్కుల పాఠం

బొమ్మరైలు అనగానే మనకు తాళంచెవి తిప్పితే గుండ్రంగా తిరిగే తగరపు బండి గుర్తుకు వస్తుంది. నేను చెప్పబోయేది పెద్దలు ఏళ్ళ తరబడి కట్టుకునే రైలును గురించి. న్యూజెర్సీలో ఉంటున్న మా మేనల్లుడు తన ఇంటి నేలమాళిగ నిండా అటువంటిది ఒకటి కట్టినాడు. ఇంజను అసలుదానిలో 87వ వంతు. పట్టాల నడిమి ఎడము 16.5 మిల్లీమీటర్లు. నిరుడు అక్కడ ఉన్న రెండు నెలలూ నాకు అదే కాలక్షేపం.

పూర్వం పట్టాలలోని విద్యుత్తును పెంచి, తగ్గించి బండిని నడిపేవారట. ఒకే పట్టాపై రెండు ఇంజనులుంటే రెండూ కలిసి కదిలేవి. ఇప్పటి పద్ధతిలో విద్యుత్తు ఎల్లప్పుడూ ఉంటుంది, ఆజ్ఞ కూడా దానితోనే ప్రయాణిస్తుంది. విద్యుత్తు 58 మైక్రోసెకన్లకొకసారి దిశ మారితే ఒకటి. 100 లేక అంతకు మించి పడితే సున్న. ఇవి మన లఘుగురువులే గదా! ఛందస్సు చెప్పి బ్రతికిన వానికి ఇంతకంటె సులభంగా ఎవరు బోధించగలరు? ప్రతి ఇంజనుకూ ఒక సంఖ్య ఉన్నది. తన సంఖ్యతో వచ్చిన ఆజ్ఞకే అది కదులుతుంది.

మేనల్లుడి వద్ద కంప్యూటర్లు మూడు. పట్టాలకు ఆజ్ఞలు పంపే పెట్టెకు తగిలించినది మాత్రం ఒక్కటే. తక్కిన రెండూ, ఇంటిల్లిపాది ఫోన్లూ వై-ఫై ద్వారా దానికి విన్నవించుకుంటాయి.

"అన్నిటినీ ఆ పెట్టెకే తగిలించరాదట్రా?" అని అడిగినాను.

"ఒకే పాయింటును ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పమంటే బండి పడిపోదా మామయ్యా? ఆజ్ఞలన్నీ ఒక్కదాని గుండా వరుసగా పోవాలి. ఏ బండి ఎక్కడున్నదో దానికే తెలుసు" అన్నాడు.

ఒంటిలైను కాలంలో మా ఊరి స్టేషనులో ఉండిన నీల్ టోకెను యంత్రం జ్ఞాపకం వచ్చినది. రెండు స్టేషన్ల యంత్రాలకూ తీగతో ముడి. ఒక గుండు బయట ఉండగా రెండవది రాదు. ఆ గుండు చేతికి అందనిదే డ్రైవరు బండి కదపడు. ఆ ధర్మమే ఇక్కడ కంప్యూటరు పాటిస్తున్నది.

ఈ వ్యవహారమంతా నడిపేది జె.ఎం.ఆర్.ఐ. అనే సాఫ్ట్‌వేరు. దానికి వెల లేదు. లోపలి రాతనంతా అందరికీ తెరిచి ఉంచినారు. రాబర్ట్ జేకబ్సన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు, మరికొందరు ఔత్సాహికులు కలిసి చేసిన పని అది. దాని వెనుక ఒక వ్యాజ్యం ఉన్నదని మేనల్లుడు చెప్పగా ఆసక్తితో చదివినాను.

2005లో మాథ్యూ కాట్జర్ అనే వ్యాపారి తరఫున జేకబ్సన్‌కు లేఖ వచ్చినది. పలు కంప్యూటర్లను కలిపి బొమ్మరైలును నడిపే పద్ధతిపై తమకు పేటెంటు ఉన్నదని వారి వాదన. తదుపరి లేఖలలో రెండు లక్షల డాలర్లకు పైగా అడిగినారు. ఉచితంగా పంచిపెట్టిన మనిషిని! జేకబ్సన్ 2006లో తానే కోర్టుకెక్కినాడు. నడుమ కాట్జరే ఆ పేటెంటును వదులుకున్నాడు. ఇంతలో మరొకటి బయటపడినది: జె.ఎం.ఆర్.ఐ.లోని కొన్ని ఫైళ్ళను కాట్జర్ సంస్థ రచయితల పేర్లు లేకుండా తన సరుకులో వాడుకున్నది. పేరు చెప్పాలన్న షరతును మీరితే అది ఒప్పందభంగమే గాని కాపీరైటు ఉల్లంఘన కాదని దిగువ కోర్టు 2007లో అన్నది. 2008 ఆగస్టు 13న ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ మాటను త్రోసిపుచ్చినది. సొమ్ము పుచ్చుకోనంత మాత్రాన రచయిత పెట్టిన షరతుకు విలువ పోదని దాని సారాంశం. 2010లో రాజీ కుదిరి, కాట్జర్ లక్ష డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకున్నాడు.

ఈ కథ నాకు పరాయిది కాదు. పదవ తరగతి పిల్లల కోసం నేను ఈ పుటలలో పెట్టిన ఛందస్సు పాఠాలను అక్షరం మార్చకుండా ఒకరు గైడుగా అచ్చువేసి అమ్ముతున్నారు. అట్టపై వేరొకరి పేరు. ఫోను చేసి అడిగితే "మీరు ఊరికే పెట్టినదే గదా మాస్టారూ" అన్నారు. ఆ మాటకు నావద్ద సమాధానం లేకపోయినది. పాఠాలన్నీ తీసివేద్దామన్నంత విరక్తి కలిగినది.

అమెరికా తీర్పు మన న్యాయస్థానాలకు శాసనం కాదు. అయితే మన 1957 కాపీరైటు చట్టంలోని 57వ సెక్షను, హక్కులు అమ్ముకున్న తరువాత కూడా "ఇది నా రచన" అని చెప్పుకునే అధికారాన్ని రచయితకే ఉంచినది. అమ్మినవానికే ఉన్న అధికారం ఊరికే ఇచ్చినవానికి లేకపోతుందా?

పాఠాలు తీసివేయలేదు. ప్రతి పాఠం అడుగున ఒక షరతు చేర్చినాను: ఎవరైనా వాడుకోవచ్చును, పేరు చెప్పవలెను, మార్చితే మార్చినామని చెప్పవలెను. గైడు వేసినవారికి రిజిస్టరు పోస్టులో జాబు పంపినాను. డబ్బు అడగలేదు, తరువాతి ముద్రణలో పేరు వేయమన్నాను. జవాబు ఇంకా రాలేదు. రెండవ జాబు వ్రాసి ఉంచినాను.

బ్లాగ్మిత్రులారా, మీ టపాల అడుగున కూడా అటువంటి వాక్యం ఒకటి వ్రాసుకొనండి. ఇచ్చే చేయిని ముడుచుకోనక్కరలేదు.