చిన్న ట్రాక్టరు వెనక జేసీబీ చెయ్యి: మేం కొనబోయి ఆగిన సంగతి

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మన ఏజెన్సీ ఊళ్లలో మినీ ట్రాక్టర్లు కొన్నోళ్లకి తర్వాత వచ్చే ఆలోచన ఒకటే. దీని వెనక జేసీబీ లాంటి చెయ్యి ఒకటి తగిలిస్తే ఎంత బాగుణ్ణు అని. మా ఊరోళ్లకీ వచ్చింది. ఆ పనిలో మేం చేసిన తప్పు, దాని నుంచి నేర్చుకున్నది దాచకుండా రాస్తున్నాం.

మేం ముగ్గురం. పాడేరు వైపు ఒకే ఊరి పిల్లలం, ఒకే హాస్టల్, ఒకే రూము. మా మూడిళ్లలోనూ కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు. అందుకని ఊళ్లో ఏ కాగితం వచ్చినా, ఏ మందు డబ్బా మీద ఏం రాసున్నా మాకే ఫోను. తెలియదు అనడానికి మాకు సిగ్గు. అసలు తప్పు అక్కడే మొదలైంది.

మా ఊళ్లో పదహారు కుటుంబాలు పసుపు డబ్బులు కలేసుకుని రెండేళ్ల క్రితం 24 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు కొన్నాయి. ఈ ఏడు కొండ మీది ఊట నుంచి ఊళ్లోకి పైపు వెయ్యాలనుకున్నారు. దూరం 600 మీటర్లు. ఇంతకుముందు రెండుసార్లు పైపు నేల మీదే పరిచారు. ఒకసారి పశువులు తొక్కి పగిలింది, ఇంకోసారి మంటలకి కాలింది. మూడడుగుల లోతున పూడ్చితేనే నిలుస్తుంది. అద్దె జేసీబీ పిలుద్దామంటే ఆఖరి మలుపు దాటి రాదు, కాఫీ చెట్ల మధ్య అస్సలు పట్టదు. అందుకే ఈ చెయ్యి కొనాలన్న మాట వచ్చింది. మావయ్య ఫోను చేసి, "మీరు సదువుకున్నోళ్లు, పట్నంలోనే ఉన్నారు. ఎల్లి సూసి సెప్పండిరా" అన్నాడు.

ఆదివారం వెళ్లాం. షాపాయన కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. మా జీవితంలో ఒక షాపులో మమ్మల్ని "సార్" అన్నది ఆరోజే. ఏడున్నర అడుగుల లోతు తవ్వే మోడల్ చూపించాడు. "ఏ ట్రాక్టరుకైనా ఎక్కేస్తుంది సార్, మూడు పిన్నులు పెడితే చాలు" అన్నాడు. చేతిలో ఇంగ్లీషు కాగితం పెట్టాడు. దాని నిండా అంకెలే. అర్థమైనట్టు ముగ్గురం తల ఊపాం. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బయటికొచ్చి, "బాగుంది మావయ్యా, అడ్వాన్సు కట్టేయొచ్చు" అని ఫోను చేసేశాం. ధర మూడున్నర లక్షలు. పదహారు ఇళ్ల డబ్బులు.

మావయ్య బడి మొహం చూడలేదు. ట్రాక్టరు తోలేది ఆయనే. కాసేపు ఊరుకుని, "బరువెంతరా అది?" అన్నాడు. కాగితం చూసి 480 కిలోలు అన్నాం. "అంత బరువు ఎనక తగిలిస్తే మన మెరక ఎక్కినప్పుడు ముందు సెక్రాలు నేల మీద ఉంటాయేటిరా?" అన్నాడు. ఫోన్లో మేం ముగ్గురం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. జవాబు లేదు.

ఆ రాత్రి హాస్టల్లో కాగితం మళ్లీ తీశాం. ట్రాక్టరు పుస్తకంలో ఎత్తే శక్తి 750 కిలోలని ఉంది. 480 దానికంటే తక్కువే కదా అనుకున్నాం. కానీ ఆ 750 అనేది వెనక కింది చేతుల చివర దగ్గర లెక్క. బరువు అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి జరిగేకొద్దీ ఎత్తగలిగేది తగ్గిపోతుంది. కావడి బద్ద ఒక పక్క పొడుగైతే ఆ పక్కకే వాలుతుందే, అలాగ.

మర్నాడు మావయ్యకి ఒక పని చెప్పాం. ధాన్యం తూచే కాటా దగ్గరికి వెళ్లి ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి తూయించమన్నాం. 380 కిలోలు వచ్చింది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య ఐదడుగులు. 380ని 5తో గుణిస్తే 1900. ఇది ట్రాక్టరు ముందు భాగాన్ని కిందికి పట్టి ఉంచేది. ఆ మోడల్ బరువు వెనక ఇరుసుకి దాదాపు నాలుగడుగుల అవతల పడుతుంది. 480ని 4తో గుణిస్తే 1920. అంటే చదును నేల మీదే ముందు చక్రాలు తేలిపోతాయి. మెరక ఎక్కితే చెప్పనక్కర్లేదు, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. ఒకవైపు లోయ ఉన్న దారి మాది. బడికెళ్లని మావయ్య ఒక్క మాటలో అడిగింది, మేం పదో తరగతిలో మార్కుల కోసం రాసి మర్చిపోయిన లెక్కే.

అప్పుడు భయం వేసి మిగతా అంకెలు కూడా చూశాం. తెలిసిన మెకానిక్ అన్నని అడిగాం, మా లెక్చరర్‌ని అడిగాం. తెలిసింది ఇది.

ఒకటి, తగిలించే పద్ధతి. మూడు పిన్నుల హిచ్ నాగలికోసం పుట్టింది. దాని చేతులు పైకి లేపుతాయి గానీ, చాలా ట్రాక్టర్లలో కిందికి నొక్కి పట్టవు. బకెట్ గట్టి నేలని లాగినప్పుడు మొత్తం చెయ్యి ఎగిరి తోలేవాడి మీదికి వచ్చే ప్రమాదం ఉంది. అదీగాక చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి లారీకున్నట్టు నిలువునా చాసిస్ ఉండదు. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక హౌసింగ్ బోల్టులతో బిగించి ఉంటాయి. అదే దాని వెన్నుపూస. తవ్వే దెబ్బంతా అక్కడే పడితే హౌసింగ్ పగులుతుంది. దీనికి మందు సబ్‌ఫ్రేమ్. ట్రాక్టరు కింద ముందు నుంచి వెనక దాకా పోయే ఇనప చట్రం అది. దెబ్బని అది మోస్తుంది.

రెండు, ఆయిలు. చెయ్యి కదిలేది ఆయిలు ఒత్తిడితోనే. ఆ మోడల్‌కి నిమిషానికి 30 లీటర్లు కావాలి. మా ట్రాక్టరు పంపు ఇచ్చేది 18. అలా నడిపితే పని నత్తనడకే. పీటీవో మీద నడిచే సొంత పంపు, సొంత ట్యాంకు ఉన్న చెయ్యి అయితే ఈ గొడవ ఉండదు.

మూడు, అసలు పని. మాకు కావలసిన లోతు మూడడుగులు. ఏడున్నర అడుగులు దేనికి? బకెట్ వెడల్పూ అంతే. అడుగు వెడల్పుతో 600 మీటర్లు తవ్వితే దాదాపు 160 ఘనమీటర్ల మట్టి. రెండడుగుల బకెట్ అయితే దానికి రెట్టింపు. తవ్వడం యంత్రం తవ్వినా, ఆ మట్టి మళ్లీ పూడ్చేది మనమే.

నాలుగు, కాళ్లు. తవ్వేటప్పుడు రెండు పక్కలా దిగే కాళ్లు విడివిడిగా దిగాలి. మన నేల ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం కదా.

ఈ నాలుగూ తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని మళ్లీ షాపుకి వెళ్లాం. ఈసారి టీ తాగకుండానే అడిగాం. మా ట్రాక్టరు మోడల్‌కి సబ్‌ఫ్రేమ్ ఉందా? బరువు ఇరుసు నుంచి ఎన్ని అడుగుల దూరంలో పడుతుంది? ఇది తగిలిస్తే ట్రాక్టరు వారంటీ ఉంటుందని రాసిస్తారా? ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "మీ బండికి ఇది వద్దులెండి" అన్నాడు. 290 కిలోల చిన్నది చూపించాడు. ఐదున్నర అడుగుల లోతు, అడుగు బకెట్, సొంత పంపు. సబ్‌ఫ్రేమ్‌తో కలిపి మూడు లక్షల ఎనభై వేలు. ఇరుసుకి మూడడుగుల దూరంలోనే కూర్చుంటుంది కాబట్టి మా లెక్క 870 వచ్చింది. 1900లో సగం కూడా కాదు.

చిన్నదానికి ఎక్కువ డబ్బులెందుకని ఊళ్లో మీటింగులో గొడవైంది. అప్పుడు ముందుగా, షాపులో తెలియకుండానే తల ఊపామని ఒప్పుకున్నాం. ఆ మాట నోట్లోంచి రావడానికి చాలా కష్టమైంది. ఎవరూ తిట్టలేదు. తర్వాత మట్టి మీద గీతలు గీసి కావడి లెక్క చూపించాం. మా పెద్దమ్మ ఒకావిడ లేచి, "బండి బోల్తా పడదు సరే. ఈ మిషను వొస్తే మా గునపం కూలి ఏటవుద్ది?" అంది. అది మాకు తట్టనే లేదు. ఉపాధి హామీ పనులు వీలైనంతవరకు మనుషుల చేతులతోనే చెయ్యాలి, యంత్రాలతో కాదు అని 2005 చట్టం షెడ్యూల్లోనే రాశారు. ఆ పనుల దగ్గరికి యంత్రం పోకూడదని, కాఫీ గుంతలు చేత్తోనే తియ్యాలని, పైపు కాలవకీ ఊరి చెరువు పూడికకీ మాత్రమే వాడాలని తీర్మానం రాశారు. పెద్దమ్మ మొదటి వేలిముద్ర వేసింది.

చిన్నదే కొన్నారు. కాలవ పంతొమ్మిది రోజులు పట్టింది. 40 మీటర్లు బండరాయి వచ్చింది, అక్కడ యంత్రం ఆగిపోయింది, గునపాలే దిగాయి. ఆ 40 మీటర్ల కూలి పెద్దమ్మ వాళ్లకే వచ్చింది. ఇప్పుడు నీళ్లు ఊళ్లో పడుతున్నాయి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మన ఇళ్లలో మనమే మొదట చదువుకున్నవాళ్లం. అన్నీ తెలిసినట్టు ఉండాలనిపిస్తుంది. మేం అలాగే ఉండి పదహారు ఇళ్ల డబ్బులు, మావయ్య ప్రాణం రెండూ పోగొట్టేవాళ్లం. కాగితం చదవడం మనకొచ్చు, నేల చదవడం మన పెద్దోళ్లకొచ్చు. ఏది కొన్నా ఇద్దరూ కలిసి కూర్చున్నాకే అడ్వాన్సు కట్టండి. ముందు మీ ట్రాక్టరు ముందు చక్రాలు తూయించండి. ఆ కాటాకి మాకైన ఖర్చు యాభై రూపాయలు.

జై ఆదివాసీ.