గడపకొక గుర్తు

చిత్రకళ ధనవంతుల యిండ్లకు మాత్రమే తగినదనియు, వార్ధకమున మనుష్యునికి కావలసినది అన్నము, మందు, మంచము మాత్రమే యనియు మనలో పెక్కురు తలంచుచున్నారు. ఈ రెండు తలంపులును కలిసి యొక వృద్ధాశ్రమమును కట్టినచో అది యెట్లుండునో మేము చూచియున్నాము. గోడలు తెల్లన, నేల నున్నన, నడవకు ఇరువైపుల ఒకే రంగు, ఒకే కొలత గల తలుపులు, ఒక్కొక్క తలుపుపై ఒక అంకె. శుభ్రతకు లోపము లేదు. కాని యా తలుపుల వెనుక ఎవరు కాపురమున్నారో ఆ యిల్లు చెప్పదు.

మా పినతల్లిగారు డెబ్బదితొమ్మిదవ యేట అట్టి యొక ఆశ్రమమున చేరిరి. తమ గ్రామమున ఆమె చీకటిలో సైతము దారి తప్పి యెరుగరు. రావిచెట్టు, చాకలిరేవు, కూలిన ప్రహరి, కరణముగారి అరుగు - ఇవియే ఆమెకు వీధుల పేర్లు. ఆశ్రమమున చేరిన రెండవ వారమున భోజనశాల నుండి మరలి వచ్చుచు వేరొకరి తలుపు తెరచిరి. లోపలివారు కసరిరి. మరి రెండు మారులు అట్లే జరిగిన పిదప ఆమె గది విడిచి కదలుట మానిరి. భోజనము గదికే వచ్చుచుండెను. ఆశ్రమపు పుస్తకమున "మతి నిలకడ లేదు" అని వ్రాసికొనిరి. మేము చూడబోయినపుడు ఆమె యిట్లనిరి: "అన్ని తలుపులూ ఒక్కటే మొహం పెట్టుకుని నిలబడ్డాయి నాయనా. ఏది నాదని తట్టను?"

ఈ ప్రశ్నలో మతిభ్రమ యెంత, న్యాయమెంత? మనుష్యుడు దారిని అంకెలతో గుర్తుంచుకొనడు. కెవిన్ లించ్ అను అమెరికా పండితుడు 1960లో ప్రకటించిన గ్రంథమున, పట్టణవాసుల మనస్సులలోని పట్టణ స్వరూపమును పరిశీలించి, అది మార్గములు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు అను అయిదింటితో ఏర్పడుచున్నదని తేల్చెను. 1971లో జాన్ ఓకీఫ్ అను శాస్త్రజ్ఞుడు, ఎలుక యొక్కొక్క చోటికి పోయినపుడు దాని మెదడులో ఒక్కొక్క కణము మేల్కొనునని కనిపెట్టెను. 2014లో ఆయనకు నోబెల్ బహుమానములో భాగము లభించినది. ఆల్జైమర్ వ్యాధి మొట్టమొదట దెబ్బతీయు భాగములలో ఈ స్థలజ్ఞానమునకు ఆధారమైన భాగమే ముఖ్యమైనది. వ్యాధి లేనివారికి సైతము వయస్సు ముదిరిన కొలది కంటిలోని కటకము పసుపువారి, నీలము, ఆకుపచ్చ రంగుల భేదము మసకబారును. ఇట్టివారి యెదుట ఒకే తీరు తలుపులు ముప్పది నిలిపి, దారి తప్పితిరని నిందించుట యేమి ధర్మము?

చిత్రము చేయూత కాగలదనుట మనకు క్రొత్త సంగతి కాదు. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో, అక్షరములు రాని కోట్లకొలది జనులు పెట్టెలపై అంటించిన బొమ్మలను చూచియే తమ రాజ్యాధికారమును చెల్లించుకొనిరి. 1969లో తెరచిన మెక్సికో నగరపు భూగర్భ రైలుమార్గమున స్టేషనునకొక బొమ్మ కలదు. "మిడుతల కొండ" అను అర్థముగల పేరున్న చపుల్తెపెక్ స్టేషనుకు మిడుతయే గుర్తు. అమెరికాలోని ఓహాయో రాష్ట్రమున మతిమరపు రోగులుండు ఒక గృహమున గదుల ముంగిట అద్దపు పెట్టెలను అమర్చి చేసిన పరిశీలన 1991లో వెలువడినది. రోగి జీవితమునకు సంబంధించిన వస్తువులు పెట్టెలోనున్నపుడు కొందరు తమ గదిని మెరుగుగా పోల్చుకొనగలిగిరి. సంబంధము లేని వస్తువులకు ఆ బలము లేకపోయెను. కీలకమంతయు ఇందే యున్నది. బజారులో డజన్లుగా కొన్న మంచుకొండల పటము దారి చూపదు; చూచువాని బ్రతుకులోని వస్తువే చూపును.

మా పాఠశాలలో చిత్రలేఖనము నేర్చు పిల్లలు కొందరిని వెంటబెట్టుకొని, ఆశ్రమపు పెద్దల యనుమతితో, నాలుగు ఆదివారములు అచ్చటికి పోయితిమి. పిల్లలకు మేము విధించిన నియమము ఒక్కటే: ఏ బొమ్మ వేయవలెనో గదిలోనివారే చెప్పవలెను. మా పినతల్లిగారు దేవుని పటమును కోరలేదు, మామగారి ఛాయాచిత్రమును కోరలేదు. ఏబది యేండ్లు ధాన్యము కొలిచిన మానికను కోరిరి. రైల్వేలో పని చేసి విరమించిన వృద్ధుడు చేయి దించిన సిగ్నలు కంబమును వేయించుకొనెను. నేతపని చేసిన ముసలమ్మ నాడెను చెప్పి, పిల్ల వాని గీతను రెండుమార్లు దిద్దించెను. ఒక వృద్ధోపాధ్యాయుడు నల్లబల్ల వలదని, బడికి త్రొక్కిన సైకిలును వేయుమనెను. గోడరంగుతో కలిసిపోకుండునట్లు ముదురు రంగులతో, కంటికందు ఎత్తున, చేతికి తడిమి చూడ వీలగునట్లు గట్టి యంచులతో పిల్లలు వానిని వేసిరి.

నడవ మలుపు వద్ద ఒక చెట్టును వేయవలెనని తలచినపుడు వివాదము బయలుదేరినది. వేపయని కొందరు, చింతయని కొందరు. ఒక వారమంతయు భోజనశాలలో ఇదే వాదము. అంతవరకు ఒకరి పేరు ఒకరికి తెలియనివారు పక్షములు కట్టిరి! తుదకు చింత గెలిచెను. వేపపక్షమువారి తృప్తికై చెట్టుక్రింద అరుగును చేర్చిరి. పిమ్మట పినతల్లిగారు భోజనశాలకు తామే పోయి రాజొచ్చిరి. క్రొత్తగా వచ్చిన యొకామెకు "సైకిలు దాటి, చింతచెట్టు దగ్గర కుడికి తిరుగమ్మా" అని దారియు చెప్పిరి. దారి తెలిసికొనుట యొక మేలు. ఇతరులకు దారి చెప్పగలుగుట అంతకు మించిన మేలు. మొదటిదానివలన గది దొరకును. రెండవదానివలన ఇల్లు దొరకును.

అయినను చిత్రము ఔషధము కాదు. వ్యాధి ముదిరిన యొకామె తాను చెప్పి వేయించుకొన్న పూలసజ్జ యెదుటనే నిలిచి, అది యెవరిదని యడుగుచుండెను. అట్టివారికి కావలసినది పట్టి నడిపించు చేయి; బొమ్మ యున్నదికదాయని సేవకుల సంఖ్యను తగ్గించువారు కళకును, వృద్ధులకును గూడ ద్రోహులు.

ఇంకొక ప్రమాదమును చెప్పవలసియున్నది. పాశ్చాత్యదేశములలో కొన్ని గృహములలో, రోగులు వీధిలోనికి పోకుండుటకై, బయటి తలుపును తలుపని తెలియకుండ పుస్తకముల బీరువావలె చిత్రించు వాడుక కలదు. వారి భయము నిరాధారము కాదు. దారి తప్పి వీధినిపడి ప్రాణము కోల్పోయినవారు కలరు. కాని యొకే కుంచె ఒక తలుపును చూపవచ్చును, వేరొక తలుపును దాచవచ్చును. దాచుటకు మాత్రమే కుంచె పట్టిన గృహము, ఎంత రంగులతో నున్నను, చెరసాలయే. బయటి తలుపును దాచకతప్పనిచోట, లోపల చెట్లనీడ, తిరుగుటకు దారి, కూర్చుండుటకు అరుగు ముందుగా నేర్పరుపవలెను.

2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము, జిల్లాకొక్కటియైనను తక్కువకాకుండ, దిక్కులేని వృద్ధులు నూటయేబదిమందికి చాలునట్టి ఆశ్రమములను రాష్ట్రప్రభుత్వములు నెలకొల్పవచ్చునని చెప్పుచున్నది. నూటయేబదిమందికి ఒకే కప్పు! అట్టియెడ గడపగడపకు గుర్తు లేకున్న ఆ కప్పు క్రింద మిగులునది అంకెలే. చదువరులలో ఎవరి పెద్దలైన ఆశ్రమముననున్నచో, ఈసారి పండ్లతోపాటు వారి బ్రతుకులోని వస్తువొకటి కొనిపోవుడు. ఏది తేవలెనో ముందుగా వారినే యడుగుడు. మన ఆడవారు తెల్లవారకమున్నే వాకిట ముగ్గుపెట్టుట అందమునకు మాత్రమే కాదు. ఇచ్చట మనుష్యులు మేల్కొనియున్నారని వీధికి తెలుపుటకు. ఆ మాట చెప్పు హక్కు, ముగ్గువేయుటకు నడుము వంగని వయస్సున గూడ, వారికి ఉండవలదా?