పాదువాలో నా చదువు

"పోపుగారిని చూచావా?" ఇటలీ నుండి తిరిగి వచ్చినది మొదలుకొని గద్వాలలోను, వనపర్తి దగ్గర మా అమ్మమ్మగారి ఊరిలోను నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. చూడలేదు. నేను చదివినది రోములో కాదు, అక్కడికి ఉత్తరాన సుమారు 500 కిలోమీటర్ల దూరాన, వెనిస్ పట్టణానికి దగ్గరగా ఉన్న పాదువాలో. రెండేళ్లలో రోముకు వెళ్లినది ఒక్కసారే, అదీ మూడు రోజులు. అక్కడ విద్యార్థి జీవితమంటే ఎక్కువ భాగం పోస్టాఫీసు వరుస, బియ్యం ధర, నోటి పరీక్ష, ఇంటి మీది అప్పు. ఈ మధ్య మన జిల్లాల పిల్లలు చాలామంది ఇటలీకి బయలుదేరుతున్నారు గనుక వాటిని గురించే వ్రాస్తాను.

మా నాయన మూడెకరాల రైతు. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనం పండించే ఇళ్లలో మాది ఒకటి. నేను నాగర్‌కర్నూలు జిల్లా పాలెం వ్యవసాయ కళాశాలలో బి.ఎస్సీ. ముగించాను. తరువాత పాదువా విశ్వవిద్యాలయంలో సుస్థిర వ్యవసాయం అనే రెండేళ్ల ఇంగ్లీషు కోర్సులో సీటు వచ్చింది. 1222లో మొదలైన విశ్వవిద్యాలయమది. నేను చేరిన 2022 దానికి 800వ సంవత్సరం. గెలీలియో అక్కడ 18 ఏళ్లు పాఠాలు చెప్పాడు. 1678లో ఎలెనా కొర్నారో పిస్కోపియా అనే స్త్రీ అక్కడే తత్వశాస్త్రంలో డాక్టరు పట్టం పొందింది. అటువంటి పట్టం పొందిన మొదటి స్త్రీలలో ఆమెను లెక్కిస్తారు. పాత భవనం మెట్ల దగ్గర ఆమె విగ్రహం ఉన్నది. మా తరగతులు మాత్రం ఆ భవనంలో కాదు. ఊరికి పది కిలోమీటర్ల దూరాన లెన్యారో అనే చోట, పొలాల మధ్య జరిగేవి.

మేము దిగేనాటికి అక్కడి పో నది మైదానమంతా కరువు మాటే. 2022 వేసవిలో వచ్చినంత కరువు 70 ఏళ్లలో లేదన్నారు. పాలమూరు పిల్లకు ఆ మాట కొత్తేమీ కాదు గదా!

వెళ్లిన ఎనిమిది పనిదినాలలోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. పెద్ద కవరు, లోపల ఫారాలు, 16 యూరోల రెవెన్యూ స్టాంపు, అన్నీ పోస్టాఫీసులో ఇవ్వాలి. వారిచ్చిన రసీదు చేతిలో పట్టుకొని వేలిముద్రల తేదీ వరకు, ఆ తరువాత కార్డు వచ్చేవరకు నెలల తరబడి బ్రతకాలి. ఆ రసీదును నేను బైబిలులో పెట్టుకొని తిరిగాను. ఎందుకంటే అది పోతే నేను అక్కడ ఎవరినో చెప్పే కాగితం మరొకటి లేదు.

ఇంకొకటి పన్ను సంఖ్య. గది అద్దె ఒప్పందానికి, ఫోను సిమ్ముకు, అన్నిటికీ అదే కావాలి. అందులో 16 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఇంటిపేరులోని హల్లులు, పేరులోని హల్లులు, పుట్టిన తేదీ, పుట్టిన చోటు అన్నీ అందులో ఉంటాయి. స్త్రీలకు పుట్టిన తేదీకి 40 కలుపుతారు. నేను పుట్టినది 14వ తేదీ గనుక నా సంఖ్యలో 54 అని ఉన్నది. పుట్టిన చోటు దగ్గర ఇటలీవారికి ఊరూరికీ వేరు గుర్తు ఉంటుంది. మనకు మాత్రం గద్వాలైనా, ఢిల్లీ అయినా ఒకటే, జెడ్ 222. ఇది అమ్మకు చెప్పితే చాలాసేపు నవ్వింది.

అమ్మతో మాట్లాడటానికి లెక్క ఒకటి నేర్చుకోవాలి. చలికాలంలో మనకూ వారికీ నాలుగున్నర గంటల తేడా, వేసవిలో మూడున్నర. మార్చి చివరి ఆదివారం వారు గడియారం ముందుకు జరుపుతారు. ఆ సంగతి తెలియక అమ్మ కంగారుపడేది.

తిండి సంగతి ఇక్కడ అందరూ అడుగుతారు. స్త్రీల సమాజపు తల్లులు వనపర్తి పల్లీల పొడి, కారం, జొన్నపిండి కట్టి ఇచ్చారు. నెయ్యి పెట్టనివ్వలేదు. బయటి దేశాలనుండి పాల వస్తువులు, మాంసం అక్కడికి తీసుకుపోకూడదు. అక్కడి బియ్యం పొట్టిది, వండితే ముద్దవుతుంది. రైలుస్టేషను దగ్గర బంగ్లాదేశీయుల అంగళ్లలో బాస్మతి, పచ్చిమిరపకాయలు, కందిపప్పు దొరికేవి. మధ్యాహ్నం విద్యార్థుల భోజనశాలలో తినేవాళ్లం. స్కాలర్‌షిప్పు ఉన్నవారికి చవక. ముందు పాస్తా, తరువాత మాంసమో గుడ్డో, ప్రక్కన ఆకుకూర. అన్నీ ఒకే పళ్లెంలో కలిపి తినే మనల్ని చూచి వారు ఆశ్చర్యపడేవారు.

ఒకరోజు ఆ పళ్లెంలో పసుపుపచ్చని ముద్ద ఒకటి పెట్టారు. చూడగానే జొన్న సంకటి జ్ఞాపకం వచ్చింది. అది పొలెంతా, అనగా మొక్కజొన్న పిండిని నీళ్లలో వేసి కర్రతో కలియబెట్టి ఉడికించినది. సాయంత్రం ఇంటికి పోయి మా ఇల్లుగలావిడతో చెప్పాను. ఆమె ఎనభై ఏళ్ల విధవరాలు. నేను ఆమెను సిన్యోరా అని పిలిచేదానను. నా పేరులో సగమే పలికేది ఆమె. పొలెంతా మాట వినగానే ఆమె ముఖం మారింది. నేడు అది హోటళ్లలో ముచ్చటగా పెడతారు గాని, తన నాయనమ్మ కాలంలో మూడు పూటలా అదేనట, దానితో మరేమీ లేదట. ఆ నాయనమ్మ చేతుల చర్మం పగిలి, నల్లబడి, చివరకు మతి తప్పి చనిపోయింది.

ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. గరుకు చర్మమని దాని అర్థం. 1771లో మిలాను వైద్యుడు ఫ్రపోల్లి ఆ పేరు వ్రాసిపెట్టాడు. 1881 లెక్కలలో ఇటలీలో ఈ రోగులు లక్షకు పైన, వారిలో సగానికి పైగా పాదువా ఉన్న వెనెతో ప్రాంతంవారే. మొక్కజొన్నలో నయాసిన్ అనే విటమిను ఉన్నా, దానిని ఒంటికి పట్టనివ్వని రూపంలో ఉంటుంది. మెక్సికోలోని పూర్వపువారు సున్నపునీటిలో ఉడికించి దానిని విడుదల చేసుకొనేవారు. యూరపువారు గింజను తెచ్చుకొన్నారు గాని సున్నం సంగతి తెచ్చుకోలేదు.

ఈ సంగతి విని నేను ఊరుకోలేదు. ఎందుకంటే పాలెంలో చదివేటప్పుడే పెల్లాగ్రా పేరు విన్నాను. మన దక్కను పీఠభూమిలో జొన్నలే తిని బ్రతికే పేదలలో కూడా ఆ జబ్బు ఉండేది. హైదరాబాదులో పోషకాహార పరిశోధన చేసిన డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య జొన్నలోని ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువైనందున అలా జరుగుతుందని 1960లో లాన్సెట్ పత్రికలో వ్రాశారు. నేను సిన్యోరాకు ఇదంతా వచ్చీరాని ఇటాలియనులో చెప్పాను. మరునాడు జొన్నపిండితో రొట్టె చేసి పెట్టాను. గట్టిగా ఉన్నదన్నది. అయినా పూర్తిగా తిన్నది. ఆ తరువాత ఆమె నా గది తలుపు తట్టడం మానేసి, నేరుగా పిలవడం మొదలుపెట్టింది. ఇల్లుగలవారు మనతో చనువుగా ఉంటే మన చదువు సగం అయినట్లే అని నా అభిప్రాయం.

ఇక డబ్బు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఆదాయం తక్కువైన పిల్లలకు, పరదేశులకు సైతం, స్కాలర్‌షిప్పు ఇస్తారు. ఆ ఏడు ఇంటికి దూరంగా ఉండి చదివేవారికి అది ఆరు వేల యూరోలకు కొంచెం పైన. అందులో భోజనానికి, వసతికి కొంత తగ్గిస్తారు. కాని అది విమానం దిగగానే చేతికి రాదు. మొదటి సగం రావడానికే నెలలు పడుతుంది. నాకు అనుకొన్నదానికంటె ఆలస్యంగా వచ్చింది. రెండవ సగానికి షరతు ఉన్నది. మొదటి సంవత్సరం ఆగస్టు 10లోగా 20 క్రెడిట్ల పరీక్షలు ప్యాసు కావాలి. నవంబరు 30 నాటికి కూడా కాకపోతే ఇచ్చినదికూడా రద్దు చేస్తారు. బయలుదేరే పిల్లల తల్లిదండ్రులు ఈ రెండు తేదీలు గోడమీద వ్రాసి పెట్టుకోవడం మంచిది. ఏజెంటులు సీటు సంగతి చెప్తారు గాని ఈ తేదీల సంగతి చెప్పరు.

మా ఇంట్లో మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు ఆరు వేలు వడ్డీకే పోతుంది. గది అద్దె నెలకు 300 యూరోలు. యూరో ధర అప్పుడు 80, 90 రూపాయల మధ్య ఆడుతున్నది. ఫిబ్రవరి నాటికి రెండు పరీక్షలతో 14 క్రెడిట్లు వచ్చాయి. ఇంకా ఆరు కావాలి.

మే నెలలో, స్టేషను దగ్గరి అంగడిలో, మన దేశపువాడే ఒకాయన విద్యార్థులను పలకరిస్తూ తిరిగేవాడు. ఉదయం ఐదు గంటలకు వ్యాను వస్తుంది, పండ్లు కోయాలి, సాయంత్రానికి నగదు ఇస్తాను అనేవాడు. విద్యార్థి అనుమతి మీద వారానికి 20 గంటలు పనిచేయవచ్చును. కాని ఆయన చెప్పినది రోజుకు పది గంటలు, కాగితం లేని పని, చట్టప్రకారం రావలసిన దానికన్న చాలా తక్కువ కూలి. అయినా ఆ డబ్బును ఆరు వేల వడ్డీ ప్రక్కన పెట్టి చూస్తే ఎంతో పెద్దదిగా కనిపించింది. రెండు రాత్రులు లెక్క వేశాను. నాగర్‌కర్నూలు నుండి వచ్చిన తమ్ముడొకడు వెళ్లాడు. 11 రోజులు కోశాడు, ఆరు రోజుల కూలి వచ్చింది.

నేను నాయనకు ఫోను చేసి అడిగాను. ఆయన మాట్లాడకముందే వెనుకనుండి మా అవ్వ అందుకున్నది. "ఆయన మేస్త్రీ గదనే? పని అయినంక లెక్క ఎవరు జేస్తరు?" మా తాత, అవ్వ పెళ్లయిన కొత్తలో నాగార్జునసాగర్ కట్టమీద మట్టి మోసినవారు. పాలమూరు కూలీలను గుంపు మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి దేశమంతటా ఆనకట్టలకు తోలుకుపోయిన సంగతి మన పెద్దలకు చెప్పనవసరం లేదు. ఇటలీలో అటువంటి మేస్త్రీని కపొరాలే అంటారు. ఆ పద్ధతికి విరుద్ధంగా 2016లో 199 నంబరు చట్టం చేశారు. చట్టమున్నా 2024 జూన్‌లో రోమునకు దక్షిణాన లాతీనా ప్రాంతంలో సత్నాం సింగ్ అనే పంజాబీ కూలీకి పొలంలో యంత్రంలో పడి చేయి తెగితే, ఆస్పత్రికి తీసుకుపోకుండా ఇంటి ముందర వదిలి వెళ్లారు. రెండు రోజులకు చనిపోయాడు. అది విన్న రోజు మేమెవ్వరమూ అన్నం తినలేకపోయాము.

నేను వ్యాను ఎక్కలేదు. నాయన మరో రెండు నెలల వడ్డీ ఎక్కడనుండి తెచ్చాడో నేటికీ చెప్పలేదు.

అక్కడ పరీక్షలలో చాలా భాగం నోటితో. ఆచార్యుని ఎదుట కూర్చుంటే ఆయన అడుగుతారు, మనం చెప్పాలి. తోటివారు వెనుక కూర్చొని వింటారు. మార్కులు 30కి, ప్యాసుకు 18. వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి మరల వ్రాయించుకోవచ్చును. మనం చిన్ననాటినుండి ప్రశ్నకు జవాబు కంఠతా పట్టి కాగితం నింపేవాళ్లం. ఎదుటివారి కన్నులలోకి చూచి చెప్పడం మనకు అలవాటు లేదు. బయలుదేరేటప్పుడు సిన్యోరా "ఇన్ బొక్కా అల్ లూపో" అన్నది. తోడేలు నోటిలోకి పో అని దాని అర్థం. అక్కడ పరీక్షకు పోయేవారిని దీవించే మాట అది!

జూలైలో ఆ ఆరు క్రెడిట్ల పరీక్ష. ఆచార్యులు సంకర విత్తనాలను గురించి అడిగారు. పుస్తకంలోని నిర్వచనం మొదలుపెట్టాను. మధ్యలో ఆగి, "మా ఇంట్లో ఇది చేస్తాము" అన్నాను. పత్తి మొగ్గను సాయంకాలం గోటితో విప్పి కేసరాలు తీసివేయడం, గుర్తు పెట్టడం, మరునాడు ఉదయం మగ పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దడం, మధ్యాహ్నం దాటితే పనికిరాకపోవడం, ఒక్కొక్క పువ్వుకు అలా చేయడం, బడి మాన్పించి పిల్లలను ఆ పనికి పెట్టిన రోజులు, మా అమ్మ నడుము, అన్నీ చెప్పాను. ఆయన పెన్ను క్రింద పెట్టారు. ఎకరానికి ఎంతమంది కావాలి, కూలి ఎంత, విత్తనం కంపెనీ ధర ఎవరు నిర్ణయిస్తారు అని పుస్తకంలో లేని ప్రశ్నలు పావుగంట అడిగారు. 28 వేశారు. దేవుని కృపవలన ఆగస్టు 10కి మూడు వారాల ముందే 20 క్రెడిట్లు నిండాయి.

రెండవ సగం వచ్చాక అందులో ఎక్కువ భాగం అప్పుకే పోయింది. అసలు తీరినది రెండవ సంవత్సరంలో, నేను వారానికి 15 గంటలు కాగితంతో సహా గ్రంథాలయంలో పనిచేసిన డబ్బుతో.

తిరిగి వచ్చిన తరువాత అవ్వ అక్కడి సంగతులు రోజూ చెప్పించుకొనేది. సిన్యోరా నాయనమ్మ చేతుల సంగతి చెప్పితే తన చేతులు చూచుకొన్నది. సిన్యోరా తాత అన్నదమ్ములు ముగ్గురు తిండి లేక ఓడ ఎక్కి బ్రెజిలు పోయారని, ఆ కాలంలో వెనెతో ఊళ్లకు ఊళ్లే అలా ఖాళీ అయినవని చెప్పాను.

"తెల్లోళ్లు గూడ పోయిన్రా?" అన్నది. "మరి తిరిగొచ్చిన్రా?"

కొందరు వచ్చారు, ఆ ముగ్గురు రాలేదని చెప్పాను.