ఉండేవాళ్ళకూ ఒక స్కాలర్‌షిప్

దోస్తూ,

స్కాలర్‌షిప్ ఆలోచన బాగుంది. డబ్బు పోగుచేసిన మీ డాలస్ మిత్రులందరికీ నా దండాలు చెప్పు. కానీ ఆ షరతుల కాయితంలో ఏడో నంబరు ఎవరు రాశారురా? "డిగ్రీ అయ్యాక ఐదేళ్ళు పల్లెలో పనిచేయకపోతే తీసుకున్న మొత్తం వడ్డీతో సహా కట్టాలి." నువ్వైతే రాసి ఉండవు. ఎస్సారార్ కాలేజీ రోజుల్లో నీ మెస్సు లెక్క కూడా నేనే చూసేవాణ్ణి, వడ్డీ లెక్కలు నీకెక్కడివి?

దాని సంగతి తర్వాత. ముందు ఇంటి ముచ్చట్లు. మీ బాపు బాగున్నాడు. మోకాలి నొప్పి అంటూనే పొద్దున్నే కేబుల్ బ్రిడ్జి దాకా నడిచొస్తున్నాడు. ఈసారి మానేరు బాగా నిండింది. మీ చిన్నమ్మ కొడుకు మస్కట్ నుంచి వచ్చేసి జగిత్యాలలో మోటార్ల దుకాణం పెట్టాడు, మళ్ళీ పోనంటున్నాడు. నువ్వు దసరాకు వస్తానన్న సంగతి మీ అమ్మకు చెబితే "వచ్చినంక చూద్దాం తియ్" అన్నది. ఇన్ని దసరాలు ఎగ్గొట్టినవాణ్ణి ఎవరు నమ్ముతారు చెప్పు?

ఇక ఆ ఏడో షరతు. జరిమానాకు భయపడి మనిషి ఊళ్ళో ఉంటాడా? సర్కార్లు ఎన్నో ఏళ్ళుగా చేసి చూసిన పనే ఇది. చదువయ్యాక పల్లెలో పనిచేస్తామని డాక్టర్ల చేత బాండు రాయించుకున్నారు. ఉన్నవాడు డబ్బు కట్టి వెళ్ళిపోయాడు. లేనివాడు గడువు ఎప్పుడు తీరుతుందా అని ఎదురుచూశాడు. అట్లా ఎదురుచూసే డాక్టరు ముందు కూర్చున్న రోగికి ఒరిగేదేముంది?

"కాలేజీలు పెరిగాయి కదా, డాక్టర్లు వాళ్ళే వస్తారు" అంటావు, తెలుసు. నిజమే, పెరిగాయి. 2008లో ఆదిలాబాద్‌కు రిమ్స్ వచ్చింది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో సర్కారు మెడికల్ కాలేజీలు తెరిచారు. మనం చదువుకునే కాలంలో వీటిలో ఒక్కటీ లేదు. సంతోషించాల్సిన విషయమే, నేనూ సంతోషించాను. కానీ ఆసిఫాబాద్‌లో చదివినంత మాత్రాన ఆ పిల్లవాడు జైనూరులోనో నార్నూరులోనో కాపురం పెడతాడనుకోవడం అమాయకత్వం. బాసర సంగతి చూడు. సర్కారు బడిలో చదివిన పల్లె పిల్లలకు పదో తరగతి ఫలితానికి కొంత అదనంగా కలిపి ట్రిపుల్ ఐటీలో సీటిస్తారు. ఎంత గొప్ప పని! ఆ పిల్లలు పైకొస్తున్నారు, బెంగళూరు పోతున్నారు, మీ దగ్గరికీ వస్తున్నారు. వాళ్ళు వెళ్ళడాన్ని నేను తప్పుపట్టను. విదేశాల్లో చదవడానికి అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షలిస్తున్నారు, అదీ ఇవ్వాల్సిందే. నా బాధల్లా ఒకటే: వెళ్ళే దారికి ఇన్ని మెట్లు కట్టాం, తిరిగొచ్చి ఉంటానన్న పిల్లకు ఏం పెట్టాం?

ఊళ్ళో ఉండే మనిషిని తయారుచేసే పని మన దగ్గరే ఒకసారి జరిగింది. మార్లవాయి గుర్తుందా? ఉట్నూరు నుంచి జైనూరు వైపు పోయినప్పుడు నువ్వు ఆగుదామంటే డ్రైవరు ఆపలేదు, ఆ ఊరే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపేశాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అప్పుడు తోచింది. ఆ పని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మీద పెట్టారు. ఆయనా, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్యనే ఉన్నారు. బడులు పెట్టాలన్న మాట వచ్చినప్పుడు పట్నం నుంచి పంతుళ్ళను తెప్పించలేదు. కొద్దోగొప్పో మరాఠీ చదవడం వచ్చిన గోండు పిలగాళ్ళను వెతికి పట్టుకుని, 1943లో మార్లవాయిలోనే పంతుళ్ళ శిక్షణ కేంద్రం పెట్టారు. మరాఠీ అక్షరాలు కొందరికి తెలిసినవే కాబట్టి దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చువేయించారు. అక్కడ తయారైనవాళ్ళు తమ గూడేల్లోనే పంతుళ్ళయ్యారు. వాళ్ళను ఊళ్ళో ఉండమని ఎవరైనా బాండు రాయించుకోవాలా? వాళ్ళ ఇల్లూ పొలమూ అక్కడే. బెట్టీ 1987లో పోయింది, ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. తర్వాత ఎన్నో ఏళ్ళకు ఆయన అస్థికలనూ తెచ్చి ఆమె పక్కనే ఉంచారు.

అదే ఆలోచన తర్వాత జీవోగానూ వచ్చింది. ఏజెన్సీ బడుల్లో పంతుళ్ళు ఉండడం లేదన్న ఫిర్యాదు మీద 2000 జనవరిలో మూడో నంబరు జీవో తెచ్చి, అక్కడి టీచరు ఉద్యోగాలన్నీ ఆదివాసులకే ఇచ్చారు. నూటికి నూరు శాతం రిజర్వేషన్ కుదరదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు తన లెక్క తాను చెప్పింది. కానీ పంతులు ఊళ్ళో ఉండాలన్న అవసరం ఆ తీర్పుతో తీరిపోలేదు గదా? జీవో చేయలేని పనిని స్కాలర్‌షిప్ చేయగలదు. ఎవరి ఉద్యోగమూ లాక్కోదు, ఏ కోటానూ ముట్టుకోదు, తిరిగొచ్చే మనిషిని తయారుచేస్తుంది. అందుకే నీ ఉత్తరం చూసి అంత సంబరపడ్డాను.

సంబరానికి ఇంకో కారణం ఉంది. పోయిన నెల ఉట్నూరు దవాఖానకు ఒక చుట్టాన్ని చూడ్డానికి పోయాను. వరుసలో మా ముందు ఒక గోండు ముసలమ్మ. డాక్టరు పిల్లవాడు మంచివాడే, ఓపికగానే అడుగుతున్నాడు. ఆమె అన్నిటికీ తల ఊపుతున్నది. నర్సు వచ్చి రాం రాం చెప్పి గోండీలో పలకరించేసరికి ఆమె కొంగు ముడి విప్పింది. అందులో రెండు వారాల మాత్రలు, ఒక్కటీ వాడలేదు. పెద్ద గుళికలు మింగుడుపడక దాచుకుంది. డాక్టరు అడిగితే "వేసుకున్న" అన్నట్టు తలూపింది. ఆ ముడి విప్పించింది సిర్పూర్ (యు) వైపు గూడెం పిల్ల. మందు మార్చి రాశారు. చెప్పు, మీ డాలస్ డబ్బు ఎవరి చదువుకు పోవాలి?

"అందరికీ అట్లాంటి పిల్లలు దొరుకుతారా?" అని నీ తర్వాతి ప్రశ్న. దొరకరు, వెతకాలి. దక్షిణాఫ్రికాలో ఇంగ్వావూమా అనే మారుమూల ప్రాంతంలో మోస్వోల్డ్ ఆసుపత్రికి సిబ్బంది దొరకక, ఆండ్రూ రాస్ అనే డాక్టరు 1990ల చివర్లో చేసింది ఇదే. ఆ చుట్టుపక్కల బడి పిల్లల్నే ఎంచుకున్నారు. ముందు ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఊరికే పనిచేసి చూడమన్నారు, ఊరి పెద్దలతో కలిసి కూర్చుని ఎంపిక చేశారు. చదువు ఎన్నేళ్ళు చెప్పిస్తే అన్నేళ్ళు తిరిగొచ్చి పనిచేయాలి, అంతే. అన్నిటికన్నా ముఖ్యం, పట్నం కాలేజీలో పిల్ల ఫెయిలైతే వదిలేయలేదు. నెలనెలా మాట్లాడే మనిషిని పెట్టారు, సెలవుల్లో మళ్ళీ ఆ ఆసుపత్రికే రప్పించారు. ఇప్పుడది ఉంథోంబో అనే సంస్థయింది, వందల మందిని తయారుచేసింది. జపాన్‌లో జిచి మెడికల్ యూనివర్సిటీ 1972 నుంచి ఇట్లాంటిదే చేస్తున్నది. అక్కడ ప్రతి జిల్లా నుంచీ కొందరిని తీసుకుంటారు, తొమ్మిదేళ్ళు సొంత ప్రాంతంలో సేవ చేస్తే ఫీజు అప్పు మాఫీ.

"చూశావా, వాళ్ళకూ షరతు ఉంది" అని పట్టుకుంటావు. ఉంది. కానీ ఇందాక అన్నట్టు, ముందు మనిషిని ఎంచుకున్నారు, తర్వాత షరతు పెట్టారు. మీ కాయితంలో షరతే ఉంది, మనిషి జాడ లేదు. మార్కుల వరుస చూసి రాష్ట్రమంతటి నుంచీ పదిమందిని తీసుకుంటే, వరంగల్ పిల్లవాడు ఇంద్రవెల్లిలో ఎందుకుంటాడు?

అసలు గట్టి ప్రశ్న నువ్వు అడగలేదు గానీ, నీ మనసులో ఉందని నాకు తెలుసు. "నేను డాలస్‌లో ఉండి, పేదింటి పిల్లను గూడెంలో ఉండమని చెప్పడం న్యాయమేనా?" బలవంతంగా ఉండమంటే న్యాయం కాదు. అందుకే జరిమానా వద్దంటున్నాను. ఉండాలని ఉన్నా ఉండలేక పోయేవాళ్ళున్నారు, మన డబ్బు వాళ్ళకోసం. కాంట్రాక్టు ఉద్యోగంలో చేరిన పిల్లకు జీతం ఆగితే అద్దె ఎట్లా కడుతుంది? క్వార్టరు లేదు. పెళ్ళైతే భర్త ఉద్యోగం ఇంకోచోట. వానలకు వాగు పొంగితే డ్యూటీకి పోవడమే గండం. పుట్టిన పిల్లలకు మంచి బడి కావాలి. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాకే మనిషి బదిలీ కాయితం పెట్టుకుంటుంది. ఆమెకు ప్రేమ లేదనడం అన్యాయం.

కాబట్టి నా మాట విను. ఫీజు, ఆలస్యమైనా, సర్కారు కడుతుంది. మీరు ఫీజులకివ్వకండి. జైనూరు, నార్నూరు, సిర్పూర్ (యు), ఇంద్రవెల్లి మండలాల్లో ఇంటర్ చదివే గోండు, కొలాం పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, ముందే గుర్తించాలి. ఎంబీబీఎస్ ఒక్కటే చదువనుకోవద్దు. నర్సింగు, ల్యాబు టెక్నీషియన్, టీచరు శిక్షణ కూడా కలపాలి. హాస్టల్ ఖర్చు, పుస్తకాలు, ఒక ఏడాది తప్పితే మళ్ళీ రాయడానికి సాయం, సెలవుల్లో సొంత మండలం ఆసుపత్రిలోనో బడిలోనో పనిచేస్తే చిన్న భత్యం. డిగ్రీ అయ్యాక తిరిగొచ్చిన మొదటి రెండేళ్ళు జీతానికి తోడు నెలకింత ఇవ్వండి. అసలు జనం పట్టుజారేది ఆ రెండేళ్ళలోనే. పదిమందికి చాలకపోతే నలుగురికే ఇవ్వండి, కానీ చివరిదాకా ఇవ్వండి. నెలనెలా ఆ పిల్లలతో మాట్లాడే బాధ్యత నేను తీసుకుంటాను.

ఈ సంగతి గూడెం పెద్దలకూ చెప్పాలి, వాళ్ళు ఒప్పుకోకుండా మనం ఎంపికలు చేయకూడదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర, జాతర జరిపే మెస్రం వంశం వాళ్ళతో పాటు అన్ని ఊళ్ళ పటేళ్ళూ అక్కడే ఉంటారు. దసరా ఎగ్గొట్టినా పర్వాలేదు, మీ అమ్మకు నేను సర్దిచెబుతాను. జాతరకు మాత్రం టికెట్టు తీసుకో, కొత్త షరతుల కాయితం ఈలోపే రాసి పంపు.

నీ దోస్తు
కరీంనగర్