చూస్తే అరిగిపోతామా?

2018 ఆగస్టులో ఒక ఆదివారం. గోంగూర వేయించి దించాను. మూకుట్లో మెంతులు, ఎండుమిరపకాయలు వేశానో లేదో ఫోను మోగింది. హైదరాబాదు నుంచి మా అమ్మాయి. ఆదివారం పూట పది దాటితేగాని లేవని పిల్ల ఎనిమిదింటికే ఫోను చేసిందంటే ఏదో ఉందని నేను అప్పుడే అనుకోవలసింది. కానీ నా ధ్యాసంతా మెంతుల మీదే ఉంది.

"అమ్మా, రేపు ఆఫీసుకి వెళ్ళబుద్ధి కావట్లేదమ్మా" అంది.

"సోమవారమంటే ఎవరికైనా అంతేలే" అన్నాను.

"అది కాదమ్మా. మా ఆఫీసులో ఒకతను ఉన్నాడు. నాకెదురుగా కూర్చుంటాడు. రోజంతా నన్నే చూస్తుంటాడు. నేను తలెత్తినా చూపు తిప్పుకోడు. చూసేది మొహంకేసి కూడా కాదు..." అంటూ ఆగిపోయింది.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "పట్టించుకోకు. చున్నీ సరిగ్గా వేసుకుని నీ పని నువ్వు చూసుకో. చూస్తే అరిగిపోతామా ఏంటి?"

అవతల నుంచి కాసేపు మాట లేదు. తర్వాత "సరేలే అమ్మా" అని పెట్టేసింది.

మూకుట్లో మెంతులు నల్లగా మాడిపోయాయి. స్టవ్ కట్టేసి, అక్కడే పీట వాల్చుకుని కూర్చుండిపోయాను. నాకు ఏడుపొచ్చింది మాడిన మెంతుల గురించి కాదు. ఆ మాట నాది కాదు. పాతికేళ్ళ క్రితం నేను విన్న మాట. విన్ననాడు ఎంత మంట పుట్టిందో, దాన్నే తీసుకెళ్ళి నా కూతురి చేతిలో పెట్టాను.

అది 1993. గుంటూరులో ఒక ప్రైవేటు ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఒకటే పెద్ద హాలు, అందులో వరసగా బల్లలు. పదకొండుమంది మగవాళ్ళు, ఆడవాళ్ళం ఇద్దరమే. నా బల్లకి సరిగ్గా ఎదురుగా ఒకాయన సీటు. ఆయన్ని చెడ్డవాడని ఎవరూ అనరు. శనివారం శనివారం గుడికెళ్ళి, అందరికీ ప్రసాదం పంచేవాడు. ఇద్దరాడపిల్లల తండ్రి. నాతో ఒక్క పిచ్చిమాట మాట్లాడలేదు. దారికి అడ్డం రాలేదు. కేవలం చూసేవాడు. ముందు లెడ్జరు తెరిచి ఉండేది, చేతిలో పెన్ను ఉండేది, పేజీ మాత్రం తిరిగేది కాదు. నేను టైపు చేస్తున్నా, క్యారియరు విప్పి అన్నం తింటున్నా, ఫైలు కోసం వంగినా ఆ చూపు నామీదే. నేను తలెత్తి చూస్తే సిగ్గుపడి తల దించుకునేది నేనేగాని ఆయన కాదు.

దీన్ని ఎవరికని చెప్పను? "ఏం చేశాడమ్మా?" అని అడిగితే "చూశాడండీ" అనాలి. చెయ్యి పట్టుకుంటే అది ఒక నేరం. కూడని మాట అంటే సాక్షి ఉంటాడు. చూపుకి ఏం సాక్ష్యముంది? అదీకాక "ఆయన చూస్తున్నట్టు నీకెలా తెలుసు? నువ్వూ చూస్తేనేగా!" అనే తెలివైనవాళ్ళు మన లోకంలో ఎప్పుడూ ఉంటారు.

అందుకని నాకు తోచిన ఉపాయాలు నేను చేసుకున్నాను. చీరకి ఒక పిన్ను పెట్టుకునేదాన్ని మూడు పెట్టుకున్నాను. ఎండాకాలంలో కూడా నిండు చేతుల జాకెట్టు. బల్లమీద పాత రిజిస్టర్లు పేర్చి గోడ కట్టాను. మేనేజరుగారు వచ్చి "ఇదేంటమ్మా, కోటా?" అని నవ్వితే నేనూ నవ్వేశాను. అన్నిటికంటే తెలివితక్కువ పని ఇంకోటి చేశాను. బాత్రూముకి వెళ్ళాలంటే ఆయన బల్ల పక్కనుంచే వెళ్ళాలి. వెళ్తున్నంతసేపూ వెనక ఆ చూపు. అందుకని నీళ్ళు తాగడం మానేశాను. పొద్దున తొమ్మిదింటికి ఇంట్లో ఒక గ్లాసు, మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. మే నెల గుంటూరు ఎండల్లో!

జరగవలసిందే జరిగింది. మూత్రంలో మంట, చలిజ్వరం. డాక్టరమ్మ పరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ అని మందులు రాసి, "రోజంతా నీళ్ళు తాగకుండా ఎలా ఉంటున్నావమ్మా? ఏం పని అంత తీరిక లేకుండా?" అని కోప్పడింది. పక్కన మావారున్నారు. నేనేం చెప్పను?

ఆ రాత్రి మాత్రం మావారితో చెప్పాను. ఆయన చెడ్డవారేం కాదు. విన్నారు. విని, "చూస్తే అరిగిపోతావా? నలుగురిలో ఉద్యోగమన్నాక ఇలాంటివి మామూలే. అంత కష్టంగా ఉంటే మానేసెయ్" అన్నారు. నా ముందు రెండే దార్లు పెట్టారు. భరించు, లేకపోతే మానుకో. తప్పు చేసేవాడు మారాలనే మూడో దారి ఆయనకి తోచలేదు. నిజం చెప్పాలంటే నాక్కూడా తోచలేదు. చీటీ పాట కట్టాలి, అత్తయ్యగారి మందులు కొనాలి. మానలేదు. మళ్ళీ ఆయనతో ఆ ఊసెత్తలేదు.

నన్ను గట్టెక్కించింది ఆఫీసులో ఉన్న రెండో ఆడమనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అక్కయ్యగారూ అని పిలిచేదాన్ని. నేనేమీ చెప్పకుండానే కనిపెట్టింది. ఒకరోజు తన పుస్తకాలన్నీ తెచ్చి నా బల్లమీద పెట్టి, "నువ్వు పోయి నా సీట్లో కూర్చో పిల్లా, నాకు ఇక్కడ వెలుతురు బాగుంది" అంది. కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, ఆయనకేసి తిన్నగా చూసింది. ఆయన నావైపు మెడ తిప్పగానే హాలంతా వినపడేటట్టు, "ఏం బాబూ, అటు చూస్తున్నావు? ఏమన్నా కావాలా?" అంది. మామూలుగానే అడిగింది. కోపం లేదు, వెటకారం లేదు. అందరూ తలలెత్తారు. ఆయన "అబ్బే, ఏం లేదండీ" అని లెడ్జరు పేజీ తిప్పాడు. అన్ని నెలల్లో ఆ పేజీ తిరగడం నేను మొదటిసారి చూశాను! మరో రెండుసార్లు అలాగే అడిగింది. తర్వాత ఆ చూపు నామీద లేదు.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే ఎంతో బాగుండేది. అవలేదు.

1996లో అక్కయ్యగారు రిటైరు కాకముందే ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం మానేసింది. ఆ ఖాళీలో ఒక కొత్త పిల్ల చేరింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నెల తిరక్కుండానే ఆ పిల్ల పైట పిన్నులు ఎక్కువయ్యాయి. బల్లమీద రిజిస్టర్లు పేరుకున్నాయి. నాకు తెలియదా? ఆ హాల్లో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? అయినా నేను నోరు మెదపలేదు. నామీంచి పోయింది కదా, మళ్ళీ కదిలిస్తే నామీదికే వస్తుందేమోనన్న భయం. మూడు నెలలకి ఆ పిల్ల మానేసింది. "ఇంటి దగ్గర ఇబ్బందిగా ఉందండీ" అంది వెళ్ళేరోజు. నాకేసి ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. ఆయనగారి చూపు నేను మర్చిపోయాను గాని, ఆ పిల్ల చూపు ఈనాటికీ మర్చిపోలేదు.

ఆ ఆదివారం పీటమీద కూర్చుంటే నాకు గుర్తొచ్చింది ఆ పిల్లే.

లేచి మొహం కడుక్కుని మా అమ్మాయికి ఫోను చేశాను. "ఇందాక నేనన్నది తప్పు తల్లీ. మొదటినుంచీ చెప్పు, వింటాను" అన్నాను. గంటసేపు చెప్పింది. తను కూడా నీళ్ళ సీసా నింపుకోడానికి ఆ దారిన వెళ్ళడం మానేసిందట! నేను కూడా నా కథంతా మొదటిసారి తనకి చెప్పాను. పాతికేళ్ళలో ఆఫీసులు ఏసీ గదులయ్యాయి, టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఆడపిల్ల మంచినీళ్ళకి వెనకాడటం మాత్రం అలాగే ఉంది.

అయితే నా రోజులకీ తన రోజులకీ ఒక తేడా ఉంది. రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే ఆమె ప్రభుత్వ కార్యక్రమంలో గ్రామ సేవికగా పనిచేస్తూ బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. దాని తర్వాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. పనిచేసేచోట స్త్రీలకి రక్షణ కల్పించాలని కోర్టు 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత పదహారేళ్ళకి, 2013లో, పార్లమెంటు చట్టం చేసింది. ఇష్టంలేని లైంగిక ప్రవర్తన మాటతోనే ఉండక్కర్లేదు, చేతితోనే ఉండక్కర్లేదు, మాట లేకుండా చేసేది కూడా వేధింపే అని ఆ చట్టంలో ఉంది. అంటే పనిగట్టుకుని ఒంటికేసి చూసే చూపు కూడా అందులోకి వస్తుంది.

పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా ఒక కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు పై హోదాలో ఉన్న స్త్రీయే కావాలి. సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్ళుండాలి. సంస్థకి సంబంధంలేని బయటి మనిషి ఒకరుండాలి. జరిగిన మూడు నెలల్లోగా రాసి ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలల వరకు గడువివ్వొచ్చు. తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు బయటపెట్టకూడదు. నిరూపించలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదు. ఈ చివరి మాట మన భయాలకి మంచి మందు.

మా అమ్మాయి ఏం చేసిందో చెప్తాను, మీకు పనికొస్తుంది. ముందు ఒక చిన్న పుస్తకంలో తేదీ, టైము, ఎక్కడ, ఏం జరిగింది, అప్పుడు పక్కనెవరున్నారు అన్నది ఏరోజుకారోజు రాసుకుంది. పక్క సీటు అమ్మాయిని అడిగితే ఆమె కూడా గమనించిందనీ, ఆమెకి కూడా అదే బాధనీ తెలిసింది. తర్వాత అతనితో నలుగురూ ఉండగా, "మీరు నన్నలా చూడటం నాకు ఇబ్బందిగా ఉంది. మానెయ్యండి" అని ఒక్కమాట చెప్పింది. నవ్వుతూ కాదు, అరుస్తూ కాదు. నాలుగు రోజులు మానాడు. ఐదో రోజు మళ్ళీ మొదలు. అప్పుడు ఇద్దరూ కలిసి కమిటీకి రాసిచ్చారు. విచారణ పూర్తయ్యేదాకా అతని సీటు వేరే అంతస్తుకి మార్చారు. చివరికి అతను క్షమాపణ రాసిచ్చాడు. సంస్థ హెచ్చరిక ఉత్తరం ఇచ్చింది. ఈ మధ్యలో "ఇంత చిన్నదానికా!" అన్నవాళ్ళు ఉన్నారు. కాఫీకి పిలవడం మానేసినవాళ్ళూ ఉన్నారు. ఒకటి రెండు రాత్రులు ఏడ్చింది కూడా. ఏమీ కష్టం లేకుండా అయిపోయిందని మీకు అబద్ధం చెప్పను.

మావారికి సంగతంతా చెప్పి, "1993లో మీరు నన్నేమన్నారో గుర్తుందా?" అని అడిగాను. గుర్తులేదన్నారు. చెప్పాను. చాలాసేపు పేపరు మడత పెడుతూ, విప్పుతూ కూర్చున్నారు. "అలా అన్నానా!" అన్నారు చివరికి. రాత్రి అమ్మాయికి ఫోను చేసి "నన్ను రమ్మంటావా?" అని అడిగారు. "అక్కర్లేదు నాన్నా, నేను చూసుకుంటాను" అంది.

ప్రతి చూపూ చెడ్డదని నేననను. మా ఆఫీసులోనే మరో పెద్దాయన లెక్క కుదరకపోతే ఎదురుగా ఎవరుంటే వాళ్ళకేసి కళ్ళప్పగించి కూర్చునేవారు. "ఏమండీ, ఇంకా తేల్లేదా?" అంటే ఉలిక్కిపడి నవ్వేవారు. ఆయన చూపుకి ఏనాడూ ఎవరం పైట సర్దుకోలేదు. ఏది పరధ్యానమో, ఏది కాదో ఆడదానికి ఒకరు నేర్పక్కర్లేదు.

మేం ఇంట్లో ఉండేవాళ్ళం, మాకెందుకివన్నీ అనకండి. మనింట్లో అంట్లు తోమే అమ్మాయికి మన ఇల్లే ఆఫీసు. ఆ చట్టంలో ఇంటిపనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకోసం, పదిమంది కూడా లేని చిన్నచోట్ల పనిచేసేవాళ్ళకోసం జిల్లాకొక కమిటీ ఉండాలని రాశారు. ఆ అమ్మాయి హాల్లో ఫలానావాళ్ళు ఉన్నప్పుడు తుడవడానికి వెనకాడుతుంటే, బద్ధకమని తిట్టేముందు ఒక్కసారి ఎందుకో కనుక్కోండి.

ఇక మీ కూతురో, కోడలో, చెల్లెలో ఏ రోజైనా "ఆఫీసుకి వెళ్ళబుద్ధి కావట్లేదు" అంటే, ముందు స్టవ్ కట్టేసి కూర్చోండి. అది చెప్పేదంతా వినండి. తాలింపు కాసేపాగి వేసుకున్నా ఏం కాదు.