మా అత్తమ్మ పలక

మా హాల్లో ఓ మూలకు పాత కంప్యూటర్ ఒకటి ఉంది. 2012లో మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నాం. తను ఉద్యోగానికి హైదరాబాద్ పోయినప్పటి నుంచి దాని మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద పూలకుండీ పెట్టేశాను. "పాత సామాన్లోనికి ఇచ్చెయ్యరాదూ, జాగా అన్నా మిగులుతది" అని మా ఆయన ఎన్నిసార్లు అన్నాడో. అదే కంప్యూటర్ ఇప్పుడు మా ఇంట్లో పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా డ్యూటీ చేస్తోంది. ఆ ముచ్చటే ఇవాళ చెప్తాను.

గోదావరిఖనిలో మాది సింగరేణి క్వార్టర్. మా ఆయన భూగర్భ గనిలో ఫిట్టర్. మా మామయ్య కూడా బాయిలోనే, బొగ్గు ఫిల్లర్‌గా చేశాడు. అంటే మా అత్తమ్మ మొదట మొగుడి కోసం, తర్వాత కొడుకు కోసం, యాభై ఏళ్లకు పైగా డ్యూటీకి పోయిన మనిషి ఇంటికి వచ్చేదాకా ఎదురుచూస్తూనే ఉంది. బొగ్గు బాయి ఊళ్లలో పుట్టి పెరిగిన వాళ్లకు ఆ ఎదురుచూపు సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. వేళ కాని వేళ సైరన్ మోగితే ఆడవాళ్లు పొయ్యి మీదున్నది పొయ్యి మీదే వదిలి బాయి దగ్గరికి ఉరికిన రోజులు ఆమె చూసింది.

రెండేళ్ల నుంచి ఆమెకు మతిమరుపు. పాతవన్నీ గుర్తుంటాయి, పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు. మర్చిపోనిది ఒకే ఒక్క ప్రశ్న.

"కొడుకు డ్యూటీకి పోయిండా?"

"పోయిండు అత్తమ్మా."

"ఏ షిఫ్టు?"

"రెండో షిఫ్టు."

"ఎప్పుడొస్తడు?"

"రాత్రి పదకొండున్నరకు."

పది నిమిషాలకు మళ్లీ మొదటికొస్తుంది. రోజుకు ముప్పై నలభైసార్లు. నేనేం దేవతను కాదు. ఒకరోజు కూర మాడుతుంటే, "ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అని గట్టిగా అరిచేశాను. ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి బయట గద్దె మీద కూర్చొని, పక్కింటి పిల్లను దగ్గరికి పిలిచి మెల్లగా అడుగుతోంది, "మా కొడుకు డ్యూటీకి పోయిండా బిడ్డా?" అని. నాకు వినబడకుండా అడుగుతోంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ముందు ఒక పలక మీద సుద్దముక్కతో రాసి పెట్టాను. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో రాత్రి బడికి పోయి నేర్చుకున్న చదువు ఆమెకు ఇంకా ఉంది. పెద్దక్షరాలైతే కూడబలుక్కొని చదువుతుంది. కానీ మా ఆయన ఇంటికొచ్చి పడుకున్నాక కూడా పలక మీద 'డ్యూటీకి పోయిండు' అనే ఉండేది. తుడవడం నేను మర్చిపోయేదాన్ని. ఆమె అది చదివి మళ్లీ కంగారు పడేది.

దసరాకు వచ్చిన మా అమ్మాయి అంతా చూసి, "అమ్మా, ఆ కంప్యూటర్ తెరనే నానమ్మకు పలక చేద్దాం. టైమును బట్టి దానంతటదే మారుతది" అంది. రెయిన్‌మీటర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉందట. డెస్క్‌టాప్ మీద మనకు నచ్చినట్టు గడియారం, తేదీ, రాతలు పెట్టుకోవచ్చు. 2001 నుంచి ఉన్నది, పైసా ఖర్చు లేదు. కుర్రవాళ్లు దానితో తెరను సినిమా సెట్టింగులా అలంకరించుకుంటారట.

పూలకుండీ దించి, గుడ్డ తీసి, సీపీయూ మూత విప్పితే లోపల నల్లటి దుమ్ము. బొగ్గూరు కదా! పెయింటింగ్ బ్రష్‌తో దులిపాం. ర్యామ్ ముక్క బయటికి తీసి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాం. ఆన్ అయింది! కానీ కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ గడియారం తప్పు చూపిస్తోంది, తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఒకటి ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది అయిపోతే కంప్యూటర్‌కు టైము గుర్తుండదు. "నానమ్మ లెక్కనే అయింది దీనికి కూడా" అని మా అమ్మాయి నవ్వింది. చౌరస్తాలో కొత్త సెల్లు తెచ్చి వేశాం. మీరు కూడా పాత కంప్యూటర్‌ను బయటికి తీస్తే ముందు ఆ సెల్లు మార్చండి.

అందులో ఉన్నది విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14 నుంచి భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. అందుకని ఇంటర్నెట్ కలపనే లేదు. కావలసినవి మా అమ్మాయి తన ల్యాప్‌టాప్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. రెయిన్‌మీటర్ కొత్త వెర్షన్ ఎక్కాలంటే విండోస్ 7లో సర్వీస్ ప్యాక్ 1, ప్లాట్‌ఫామ్ అప్‌డేట్ అనే రెండూ ఉండాలట. అవి వేశాకే అది ఎక్కింది. తెర ఆరిపోకుండా పవర్ ఆప్షన్లు మార్చేశాం. కరెంటు పోయి వచ్చాక నేను బటన్ నొక్కితే చాలు, విండోస్‌తో పాటే రెయిన్‌మీటర్ కూడా మొదలయ్యేట్టు పెట్టాం.

మొదట మా అమ్మాయి జలపాతం ఫొటో వేసి, దాని మీద గుండ్రటి గడియారం, రంగురంగుల రాతలు పెట్టింది. నాకైతే భలే నచ్చింది. అత్తమ్మ వచ్చి, కళ్లు చికిలించి చూసి, "నీళ్లు బాగున్నయి" అని పోయింది. ఒక్క అక్షరం చదవలేదు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయిన మనిషి! ఆ ఫొటో తీసేసి తెరంతా నల్లగా చేశాం. దాని మీద తెల్లటి గౌతమి ఫాంటు, ఎంత పెద్దగా వీలైతే అంత పెద్దగా. అచ్చం పలక మీద సుద్ద రాతలా వచ్చింది.

మా అమ్మాయి పోయాక మిగిలిన పని నా మీద పడింది. రెయిన్‌మీటర్‌లో తెర మీద కనబడే ఒక్కో ముక్కను స్కిన్ అంటారు. ఆ స్కిన్ ఏం చూపాలో మామూలు నోట్‌ప్యాడ్ ఫైల్లోనే రాసుకోవచ్చు. విండోస్‌లోనే ఉన్న తెలుగు కీబోర్డు ఆన్ చేసుకున్నాను. కె నొక్కితే 'క' వస్తుంది, సరే. కానీ 'ప' కావాలంటే హెచ్ నొక్కాలి! నాలుగు వాక్యాలు కొట్టేసరికి పొద్దుగూకింది. సేవ్ చేసి చూస్తే తెర నిండా ప్రశ్నార్థకాలు. నా అక్షరం ఒక్కటి లేదు. ఫోన్ చేస్తే మా అమ్మాయి, "సేవ్ చేసేటప్పుడు ఏదో హెచ్చరిక వస్తే చదవకుండా ఓకే కొట్టినవ్ కదా?" అంది. కొట్టాను మరి. సేవ్ యాజ్‌లో కింద ఎన్‌కోడింగ్ అని ఉంటుంది. అక్కడ ఆన్సీ బదులు యూనికోడ్ పెట్టాలి. వాక్యాలన్నీ మళ్లీ కొట్టి అలా సేవ్ చేస్తే తెలుగు ముత్యాల్లా వచ్చింది.

మూడు షిఫ్టులకు మూడు స్కిన్లు, సెలవు రోజుకు ఒకటి. రెండో షిఫ్టు వారంలో గంట 14 దాటి 24 లోపు ఉంటే 'కొడుకు డ్యూటీకి పోయిండు, రాత్రి పదకొండున్నరకు వస్తడు' అని, అర్ధరాత్రి దాటితే 'కొడుకు ఇంట్లో పండుకున్నడు' అని దానంతటదే మారుతుంది. పైన పెద్ద గడియారం. పాత మిషన్‌కు భారం కావద్దని, సెకనుకోసారి కాకుండా నిమిషానికోసారి మారేట్టు పెట్టాను. షిఫ్టు మారినప్పుడల్లా నేను స్కిన్ మారుస్తాను.

పని చేసింది. నిజంగా పని చేసింది! అత్తమ్మ లేచి వచ్చి చదువుకొని, "మంచిది" అనుకుంటూ పోయేది. నన్ను అడగడం రోజుకు నాలుగైదుసార్లకు తగ్గింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించుకున్నాను.

తర్వాత ఒక వానాకాలం రాత్రి. రెండో షిఫ్టు. పదకొండున్నర అయింది, మా ఆయన రాలేదు. గనిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి ఇంట్లోనే పెట్టి పోతాడు. వానకు ఎక్కడో ఆగి ఉంటాడని వంటింట్లో అన్నం వెచ్చబెడుతున్నాను. పన్నెండు దాటింది. అత్తమ్మ లేచిన సంగతి నాకు తెలియదు.

తెర చూసింది. 'కొడుకు ఇంట్లో పండుకున్నడు.'

పోయి మంచం చూసింది. మంచం ఖాళీ.

నేను వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె చెప్పుల్లేకుండా వానలో వీధి చివరి దాకా పోయింది. పట్టుకుంటే వణికిపోతోంది. "పండుకున్నడని రాసిన్రు, మంచంల లేడు. నాకు అబద్ధం చెప్తున్రు. నన్ను బాయి కాడికి తీస్కపో" అంటోంది. ఏం జరిగినా ఇంట్లో ముసలిదానికి చెప్పకుండా దాస్తారని ఆమె భయం. ఆమె బతుకులో అలా దాచిన రోజులు ఉన్నాయి కాబట్టే ఆ భయం.

పన్నెండూ నలభైకి మా ఆయన బండి నెట్టుకుంటూ వచ్చాడు. వెనక టైరు పంక్చర్. అంతే సంగతి. కొడుకు ముఖమంతా చేత్తో తడిమి చూసుకొని గానీ ఆమె లోపలికి రాలేదు.

తెల్లారి కంప్యూటర్ బంద్ చేసి మళ్లీ గుడ్డ కప్పబోయాను. మా ఆయన ఆపాడు. అప్పటిదాకా మౌస్ ముట్టని మనిషి, కుర్చీ లాక్కొని నా రాతలన్నీ చదివాడు. "తప్పు మిషన్‌ది కాదు, నీ లెక్కది" అన్నాడు. "బాయిల ల్యాంప్ రూమ్ ఉంటది. లోపలికి పోయేటోడు బత్తి తీస్కపోతడు, పైకొచ్చినంక ఇస్తడు. బత్తి వాపసు వస్తేనే మనిషి పైకొచ్చినట్టు లెక్క. షిఫ్టు టైమ్ అయిపోయింది కదా, వచ్చే ఉంటడని ఎవ్వడూ రాసుకోడు."

నాకు ఒక్కసారిగా అర్థమైంది. నేను రాసింది అత్తమ్మకు కావలసిన నిజం కాదు, నేను ఊహించుకున్నది. ఆమె దాన్ని దేవుడి మాటలా నమ్మింది.

కూర్చొని అన్నీ మార్చాను. 'వస్తడు' అన్న మాట తీసేశాను. ఇప్పుడు తెర మీద ఉండేది ఇది: 'కొడుకు డ్యూటీల ఉన్నడు. కోడలు ఇంట్లనే ఉన్నది, పిలువు.' గడియారాన్ని బట్టి ఆ మాట మారదు. కింద ఒక పెద్ద డబ్బా పెట్టాను, దాని మీద మౌస్‌తో నొక్కితేనే 'నేను ఇంటికొచ్చిన అవ్వా' అని వస్తుంది. నొక్కాల్సింది మా ఆయన ఒక్కడే. నేను కూడా నొక్కను.

నొక్కడం ఆయన రెండుసార్లు మర్చిపోయాడు. ఇప్పుడు మర్చిపోవడం లేదు. చెప్పులు విప్పి, టిఫిన్ బాక్సు గట్టు మీద పెట్టి, నేరుగా పోయి నొక్కి, అప్పుడు స్నానానికి పోతాడు. మౌస్ ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. రోజూ తుడుస్తాను.

అత్తమ్మ ప్రశ్నలు పూర్తిగా పోలేదు, పోవు కూడా. మతిమరుపు పెరుగుతోంది. అక్షరాలు కూడా ఆమెను విడిచిపోయే రోజు వస్తుందని తెలుసు. అప్పటికి ఏం చేయాలో అప్పుడు చూసుకుంటాం. మొన్న మాత్రం తెర ముందు నిలబడి, "కోడలు ఇంట్లనే ఉన్నది" అని పైకి చదివి, వంటింట్లోకి తొంగి చూసి, "ఉన్నవా బిడ్డా?" అంది.

"ఉన్న అత్తమ్మా" అన్నాను.

"గంతే, చూద్దామని వచ్చిన" అని పోయి పడుకుంది.